ఆర్కిడ్ ఆకులపై మచ్చలు, తెగుళ్ళు

ఇళ్ళలో కుండీలలో పెంచే ఆర్కిడ్ మొక్కల ఆకులపై మచ్చలు, ముడతలు, రంధ్రాలు, కుళ్ళు వంటి లక్షణాలు కనిపించడానికి ఎండ, నీరు, చలి, పురుగులు, శిలీంధ్రాలు, బాక్టీరియా, వైరస్‌లలో ఏదైనా కారణం కావచ్చును. వేర్వేరు కారణాలు ఒకే రకమైన లక్షణాన్ని కలిగించవచ్చును. ఒక కారణానికి తగిన చికిత్స మరొక సందర్భంలో మొక్కను చంపవచ్చును. అందువల్ల మందు వాడకముందే కారణాన్ని గుర్తించడం ముఖ్యం.

మొక్క స్వభావం

ఆర్కిడేసి కుటుంబంలో సుమారు 28,000 జాతులు ఉన్నాయి. ఇళ్ళలో విరివిగా పెంచేవి ఫాలెనాప్సిస్ ప్రజాతికి చెందిన సంకర రకాలు. ఈ ప్రజాతిని 1825లో కార్ల్ లుడ్విగ్ బ్లూమ్ వర్ణించాడు. ఇవి ప్రధానంగా ఆగ్నేయాసియా అడవులలో చెట్ల కొమ్మలను అంటిపెట్టుకొని పెరుగుతాయి. అయితే చెట్టు నుండి ఆహారాన్ని గ్రహించవు. తూర్పు కనుమలలో పెరిగే వాండా టెస్సెల్లేటా అనే ఆర్కిడ్ జీవనవిధానం కూడా ఇటువంటిదే.

అనేక ఇతర ఆర్కిడ్లలో నీటిని నిల్వచేసే ఉబ్బెత్తు కాండం ఉంటుంది. ఫాలెనాప్సిస్‌లో అది లేదు. దళసరి ఆకులే ఆ పని చేస్తాయి. అందుచేత వేరుకు కలిగిన హాని కూడా తరచుగా ముందు ఆకుపైనే బయటపడుతుంది.

పరిశీలించే విధానం

కారణాన్ని తెలుసుకోవడానికి ఈ క్రింది విషయాలను వరుసగా గమనించాలి.

1. స్థానం: మచ్చ పాత ఆకుపై ఉన్నదా, లేత ఆకుపై ఉన్నదా, ఎండ తగిలే వైపు మాత్రమే ఉన్నదా?
2. స్పర్శ: మచ్చ పొడిగా, కాగితంలా ఉన్నదా, లేక మెత్తగా, నీరు కారుతూ ఉన్నదా?
3. వ్యాప్తి: మచ్చ అంచు వెంట పెన్నుతో గీత గీసి, మరునాడు చూడాలి. మచ్చ గీతను దాటితే అది చురుకైన తెగులు కావచ్చును.
4. అడుగుభాగం: ఆకు అడుగున, ఆకు మొదళ్ళలో భూతద్దంతో పురుగుల కోసం వెదకాలి.
5. వేర్లు: ఆరోగ్యమైన వేరు గట్టిగా ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు వెండి రంగులోను, తడిసినప్పుడు ఆకుపచ్చగాను కనిపిస్తుంది. కుళ్ళిన వేరు గోధుమరంగుకు మారి, నొక్కితే మెత్తగా అణగిపోతుంది.

తెగులు కాని కారణాలు

అన్నిటికంటే క్రింద ఉన్న ఒక్క ఆకు నెమ్మదిగా పసుపుపచ్చగా మారి రాలిపోవడం సహజం. దీనికి చికిత్స అవసరం లేదు.

ఎండదెబ్బ తగిలిన ఆకుపై, సూర్యకాంతి నేరుగా పడిన చోట, తెల్లగా పాలిపోయిన మచ్చ ఏర్పడి తరువాత గోధుమ లేదా నలుపు రంగుకు మారి ఎండిపోతుంది. మొక్కను నీడకు మార్చిన తరువాత ఈ మచ్చ విస్తరించదు.

ఆకులు వడలి ముడతలు పడితే నీరు చాలలేదని భావించడం సాధారణం. కానీ నీరు ఎక్కువై వేర్లు కుళ్ళినపుడు కూడా ఆకులు అదే విధంగా వడలుతాయి, ఎందుకంటే కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. ఆ స్థితిలో మరింత నీరు పోస్తే మిగిలిన వేర్లు కూడా నశిస్తాయి. కుండీలోని బెరడు ముక్కలు పొడిగా ఉండి వేర్లు గట్టిగా ఉంటే నీరు పోయాలి; తడిగా ఉండి వేర్లు మెత్తబడితే, కుళ్ళిన వాటిని కత్తిరించి, మొక్కను కొత్త బెరడులోకి మార్చాలి.

ఆకు కొన మాత్రమే మాడి, కుండీ అంచున తెల్లని పొర కట్టి ఉంటే లవణాలు పేరుకొన్నాయని అనుమానించాలి. ఉప్పదనం గల బోరు నీరు, మోతాదు మించిన ఎరువు దీనికి ముఖ్య కారణాలు. వాననీరు వంటి లవణాలు తక్కువగా గల నీటితో కుండీని బాగా కడగడం మేలు. అతి చల్లని నీరు, చలిగాలి తగిలినపుడు ఆకు కణాలు దెబ్బతిని, పైభాగంలో గుంటలు పడిన మచ్చలు కొంతకాలం తరువాత కనిపిస్తాయి.

పురుగులు

పిండినల్లి ఆకు మొదళ్ళలో దూదివలె తెల్లగా కనిపిస్తుంది. పొలుసు పురుగులు ఆకుకు, ఈనెకు అతుక్కొన్న గోధుమరంగు బొడిపెలవలె ఉంటాయి. ఈ పురుగులు విసర్జించే తీపి జిగురుకు చీమలు చేరతాయి; దానిపై నల్లని మసి తెగులు పెరుగుతుంది. అయితే ఆరోగ్యమైన మొక్క కూడా కొన్నిసార్లు తేటగా ఉండే జిగురు బొట్లను స్రవిస్తుంది. కాబట్టి పురుగును చూడకుండా మందు చల్లరాదు.

నల్లి ఆశించిన ఆకు అడుగుభాగం సన్నని చుక్కలతో వెండిరంగుకు మారుతుంది. తెల్లని కాగితంతో తుడిచినపుడు ఎర్రని లేదా గోధుమ చారలు పడితే నల్లి ఉన్నట్లే. రాత్రిపూట ఆకుకు రంధ్రాలు పడి, మెరిసే చార కనిపిస్తే అది నత్తల పని.

సూక్ష్మజీవుల వల్ల కలిగే తెగుళ్ళు

బాక్టీరియా: అసిడోవోరాక్స్ కాట్లేయే వల్ల కలిగే గోధుమ మచ్చ తెగులు చిన్న నీటిపొక్కుగా మొదలై నల్లబడి వ్యాపిస్తుంది. పెక్టోబాక్టీరియం వల్ల కలిగే మెత్తకుళ్ళు దుర్వాసనతో అతివేగంగా వ్యాపిస్తుంది. కుళ్ళు ఆకులు పుట్టే మొవ్వును చేరితే మొక్క సాధారణంగా చనిపోతుంది. కాబట్టి మచ్చకు అవతల, ఆరోగ్యమైన భాగం వరకు ఆకును వెంటనే కత్తిరించాలి.

శిలీంధ్రాలు: కొలెటోట్రైకం వల్ల కలిగే ఆంత్రాక్నోస్ తెగులులో అంచు స్పష్టంగా గల పల్లపు మచ్చలు, వాటిలో వలయాలుగా నల్లని చుక్కలు ఏర్పడతాయి. ఎండదెబ్బ తిన్న భాగంపై ఇది సులభంగా ప్రవేశిస్తుంది.

వైరస్‌లు: సింబీడియం మొజాయిక్ వైరస్, ఒడాంటోగ్లాసం రింగ్‌స్పాట్ వైరస్ ముఖ్యమైనవి. ఆకులపై చారలు, వలయాలు, గుంటలు వీటి లక్షణాలు; కొన్ని మొక్కలలో ఏ లక్షణమూ కనిపించదు. ప్రయోగశాల పరీక్ష ద్వారానే నిర్ధారణ సాధ్యం. వీటికి చికిత్స లేదు. వ్యాధి నిర్ధారణ అయిన మొక్కను తొలగించడమే ఇతర మొక్కలకు రక్షణ.

నివారణ

ఉదయం పూట నీరు పోసి, మొవ్వులో నిలిచిన నీటిని తుడవాలి. మొక్కల మధ్య గాలి ఆడాలి. ఒక మొక్కకు వాడిన కత్తిని మంటపై కాల్చి చల్లార్చిన తరువాతే మరొకదానికి వాడాలి. కొత్త మొక్కను కొన్ని వారాలు వేరుగా ఉంచాలి. పిండినల్లి కొద్దిగా ఉంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, కొన్ని రోజుల వ్యవధితో మళ్ళీ మళ్ళీ తుడవాలి.

దెబ్బతిన్న ఆకు తిరిగి పూర్వస్థితికి రాదు. పాత మచ్చ మిగిలి ఉన్నంత మాత్రాన చికిత్స విఫలమైనట్లు కాదు. ఆ తరువాత పుట్టే ఆకు మచ్చ లేకుండా ఎదిగితే కారణాన్ని సరిగా గుర్తించినట్లు భావించవచ్చును.