డబ్బా మీది వాట్లు, కార్డు అడిగే ఆంపియర్లు

హనుమాన్ జంక్షన్ నుంచి బాపులపాడు మండలంలోని ఏ ఊరికి వెళ్లినా, పాత కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు వేయిద్దామనుకునే కుర్రాడిని రిపేరు షాపులో ముందుగా అడిగేది ఒక్కటే: ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్ లోపలి పవర్ సప్లై, ఎన్ని వాట్లు? 450 అంటే పర్లేదంటారు, 300 అంటే పెదవి విరుస్తారు. అడగాల్సిన మాటే, కానీ సగం మాటే. మొత్తం వాట్ల అంకె ఏ కాలంలోనూ ఈ ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పలేదు. ఆ వాట్లు ఏ లైను మీద, ఏ కనెక్టరు గుండా, ఎంతసేపు అందుతాయన్నదే అసలు లెక్క. ఆ లెక్క తరానికోసారి మారుతూ వచ్చింది.

1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీ సప్లై 63.5 వాట్లది. అందులో 35 వాట్లు 5 వోల్టుల లైనువి, 24 వాట్లు 12 వోల్టులవి. చిప్పులన్నీ 5 వోల్టుల మీద నడిచేవి, 12 వోల్టులు ప్రధానంగా డ్రైవుల మోటార్ల కోసం. 1984 నాటి ఏటీ మోడల్‌లో 192 వాట్లకు పెరిగినా పెద్ద భారం 5 వోల్టుల మీదే. 1995లో ఇంటెల్ సప్లైలకూ వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చింది. 2000లో పెంటియమ్ 4 కోసం ప్రాసెసర్‌కి విడిగా నాలుగు పిన్నుల 12 వోల్టుల తీగ వచ్చింది. బరువంతా 12 వోల్టుల వైపు జరగడం అక్కణ్ణుంచే. చాలా చౌక సప్లైలు మాత్రం పాత తూకాన్నే పట్టుకు వేలాడాయి.

గ్రాఫిక్స్ కార్డులకు స్లాటు ఇచ్చే కరెంటు చాలకపోవడం కూడా దాదాపు అప్పుడే మొదలైంది. 2000లో వూడూ 5 5500 కార్డుకు హార్డ్‌డిస్కుకి పెట్టే మోలెక్స్ తీగ తగిలించాల్సి వచ్చింది. 2004లో జీఫోర్స్ 6800 అల్ట్రా అలాంటివి రెండు అడిగింది, 480 వాట్ల సప్లై ఉండాలని ఎన్‌విడియా చెప్పింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చాక ఒక క్రమం ఏర్పడింది: స్లాటు 75 వాట్లు, ఆరు పిన్నుల తీగ మరో 75, ఎనిమిది పిన్నులది 150. ఆ క్రమాన్ని నమ్ముకోవచ్చనుకుంటే, 2016లో ఆర్‌ఎక్స్ 480 స్లాటు నుంచే 75కి మించి లాగింది. డ్రైవర్ మార్చి ఏఎండీ దాన్ని సర్దాల్సి వచ్చింది.

కంపెనీయే ఎన్ని వాట్లు కావాలో చెబుతుంటే ఇన్ని ఆరాలెందుకని అడగవచ్చు. కంపెనీకి మన డబ్బాలో ఏముందో తెలియదు. నాసిరకం సప్లైని కూడా దృష్టిలో పెట్టుకుని కాస్త ఎక్కువే చెబుతుంది. ఆర్‌టీఎక్స్ 3060నే తీసుకోండి. కార్డు 170 వాట్లు, కోర్ ఐ5-12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117, మిగతా సామానుకు 50 వేసుకుంటే 337 వాట్లు. అంతా 12 వోల్టుల మీదే అనుకుంటే 28 ఆంపియర్లు. కంపెనీ చెప్పేది 550. కానీ లేబుల్ మీద 12 వోల్టులకు 36 ఆంపియర్లున్న మంచి 450 వాట్ల సప్లై చాలు. అదే, కేబినెట్‌తో ఊరికే వచ్చిన "450 వాట్ల" సప్లై లేబుల్‌లో 12 వోల్టులకు 16 ఆంపియర్లే ఉంటే దక్కేది 192 వాట్లు. పైన రాసిన అంకె ఒకటే, లోపల సగం కూడా లేదు.

అంత గొడవెందుకు, 850 వాట్లది కొనేస్తే పోదా అనేవాళ్లూ ఉన్నారు. డబ్బుంటే కొనొచ్చు, కానీ పెద్ద అంకె ఒక్కటే కాపాడదు. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులు సగటున 320, 350 వాట్లు వాడినా, సెకనులో వెయ్యో వంతు కూడా లేని సమయంలో అంతకు చాలా ఎక్కువ గుంజేవి. మామిడి తోటలో బోరు మోటారు స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటు లాంటిదే ఇది. కాగితం మీద చాలిన సప్లైలు ఆటమధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయింది ఈ గుంజుడుకే. అందుకే 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, కొత్త 600 వాట్ల కనెక్టరున్న పెద్ద సప్లైలు తమ రేటింగుకు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని నిబంధన పెట్టింది. ఆ కనెక్టరు కథ వేరే. సరిగ్గా చివరిదాకా దిగకపోతే కొన్ని ఆర్‌టీఎక్స్ 4090ల దగ్గర కరిగిపోయింది. వాట్లకు లోటు లేదు, పిన్నుల దగ్గర పట్టు లేదు.

మన దగ్గర ఈ లెక్క సప్లైతో కూడా ఆగదు. మామిడి కాయ కోతకొచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే గాలివానలు తీగల్ని తెంపుతాయి కనుక కంప్యూటర్ కింద యూపీఎస్ తప్పనిసరి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లు. పైన లెక్కేసిన 337 వాట్లు సప్లై బయటికి ఇచ్చేవి. 85 శాతం సామర్థ్యంతో నడిచే సప్లై అంత ఇవ్వాలంటే గోడ వైపు నుంచి 396 లాగుతుంది. ఎస్‌ఎంపీఎస్ పరీక్షలో నెగ్గిన కార్డు, ఆట మంచి ఊపులో ఉండగా కరెంటు పోతే యూపీఎస్ దగ్గర ఓడుతుంది. దానికి 1000 వీఏది కావాలి, కార్డు బడ్జెట్‌లో ఆ ఖర్చు ముందే వేసుకోవాలి.