దూలము వంగునప్పుడు

హైదరాబాదునకు వాయవ్యమున నున్న హఫీజ్‌పేటకు 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చినవి, చేరువనున్న మియాపూరు నుండి 2017లో మెట్రో రైలు బయలుదేరినది. నేడచ్చట లేచిన మేడలన్నియు కాంక్రీటు దూలములను నమ్ముకొని నిలిచినవి. ఆ నమ్మకము కుదురుటకు శతాబ్దములు పట్టినది.

రెండు చివరల ఆనిన దూలముపై బరువు పడినచో అది వంగును. పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగును. రాయి నొక్కుడుకు ఓర్చును, సాగుడుకు ఓర్వదు. రాతిదూలమును మిక్కిలి పొడవుగా వేసినచో అడుగున బీటవారును. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడిలో కంబములు అంత దగ్గరగా నిలుచుటకు ఇదియొక కారణము.

1638లో గెలీలియో, గోడనుండి ముందునకు చొచ్చిన దూలమును తీసికొని దాని బలమును లెక్కింప యత్నించెను. కాని ఒకవైపు సాగుచుండగా రెండవవైపు నొక్కుకొనునని ఆయన గుర్తింపలేదు. ఆ లెక్కను 1773లో ఫ్రెంచి ఇంజనీరు కులూం సరిదిద్దెను.

కాంక్రీటుకును రాతిగుణమే కలదు. 1867లో ఫ్రాన్సు దేశపు తోటమాలి మోనియే, పూలతొట్ల సిమెంటులో ఇనుప తీగెలల్లిక నిమిడ్చి పేటెంటు పొందెను. దూలములో సాగుడును ఇనుమే భరింపవలెనని 1886లో లెక్కకట్టి చూపినవాడు జర్మను ఇంజనీరు కోనెన్. వేడికి ఉక్కును, కాంక్రీటును ఇంచుమించు సమముగా పెరుగుట ఈ పొత్తునకు కలిసివచ్చినది.

మనవారిలో, 1902లో కృష్ణాజిల్లా కంకిపాడున జన్మించిన కె.ఎల్. రావుగారు 1939లో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొంది, ఈ శాస్త్రముపై ఆంగ్లమున గ్రంథరచన చేసిరి. 1953లో భారత ప్రమాణము ఐ.ఎస్. 456 వెలువడినది.

ఉక్కు ఎంత హెచ్చైన అంత మేలని తలంతుము. అది పొరపాటు. ఉక్కు మితిమీరినచో, అది లొంగకముందే పైనున్న కాంక్రీటు నలిగి, దూలము హఠాత్తుగా కూలును. ఉక్కు మితముగా నున్నచో ముందది సాగును. బీటలు కనబడును, దూలము క్రుంగును, ఇంటివారు బయటపడుటకు వ్యవధి దొరకును. ఉక్కే ముందుగా లొంగునట్లు లెక్కింపవలెనని 1978 నాటి సవరణ విధించినది. బలముతోపాటు హెచ్చరికను గూడ దూలమునుండి కోరుట ఈ చరిత్రలో గొప్ప మెట్టు.

గెలీలియో దూలము నేడును మన యింటనే యున్నది. గోడనుండి చొచ్చిన చజ్జా, బాల్కనీ అట్టివే. వాటిలో సాగునది పైభాగము. ప్రధానమైన ఊచలు అచ్చటనే యుండవలెను. అలవాటుకొద్ది అడుగున వేసినను, పైనున్నవి పనివారి కాళ్లక్రింద అణగిపోయినను, చజ్జా గోడమొదటనే విరుగును. కాంక్రీటు పోసిన పిదప ఊచలు కంటికి కానరావు. కావున పోయుటకు ముందే ఇంజనీరును పిలిచి, ఊచలు పైనున్నవో అడుగునున్నవో చూపించుకొనుడు. మూడు శతాబ్దములు దాటిన శాస్త్రమునకు మన గుమ్మముకడ నదియే పరీక్ష.