పూల్‌లో పడ్డ మెషిన్

ఫుకుషిమా దాయిచీ గురించి మనం చదివేదంతా సునామీ దగ్గర మొదలై, ఖాళీ అయిన ఊళ్ళ దగ్గర ఆగిపోతుంది. నన్ను వదలకుండా పట్టుకున్నది మాత్రం మూడో యూనిట్ పై అంతస్తులో ఉండే ఒక మెషిన్ కథ.

రియాక్టర్‌లో వాడేసిన ఇంధనం కట్టలు బయటికి తీశాక కూడా వేడినీ రేడియేషన్‌నీ వదులుతూనే ఉంటాయి. అందుకే వాటిని లోతైన పూల్‌లో ముంచి ఉంచుతారు. చల్లబరిచేదీ నీళ్ళే, అడ్డుగోడా నీళ్ళే. ఆ పూల్ పైన పట్టాల మీద కదిలే వంతెన లాంటిది ఈ మెషిన్. దాన్నుంచి కిందికి దిగే చెయ్యి నాలుగున్నర మీటర్ల కట్టని పిడి దగ్గర పట్టుకుని, నీళ్ళలోంచి పైకి రానివ్వకుండానే ఇంకోచోట నిలబెడుతుంది.

2011 మార్చి 14న హైడ్రోజన్ పేలుడుకి మూడో యూనిట్ పైకప్పు ఎగిరిపోయింది. కట్టల్ని ఎత్తాల్సిన మెషినే వెళ్ళి వాటి మీద పడింది. అడుగున 566 కట్టలు, పైన 20 టన్నుల ఇనుము.

మర్నాడు నాలుగో యూనిట్‌లోనూ పేలుడు. తనిఖీ కోసం ఆపిన రియాక్టర్ అది. లోపలి ఇంధనమంతా అప్పటికే పూల్‌లోకి మార్చేశారు. మొత్తం 1,535 కట్టలు. ఆ పూల్‌లో నీళ్ళే లేవని మార్చి 16న అమెరికా అణు నియంత్రణ సంస్థ ఛైర్మన్ గ్రెగరీ యాజ్కో ప్రకటించాడు. నిజానికి నీళ్ళున్నాయి. అందరూ ఎక్కువ భయపడిన ఆ పూలే ముందు ఖాళీ అయింది. కరగడానికి రియాక్టర్‌లో ఇంధనం లేదు కాబట్టి, మనుషులు పైకెక్కి పనిచేయగలిగారు. కొత్త మెషిన్ బిగించి 2013 నవంబర్‌లో మొదలుపెట్టి, 2014 డిసెంబర్‌కి ముగించారు.

మూడో యూనిట్‌లో ఆ వీలు లేదు. శిథిలాలు తీయడం కూడా దూరం నుంచే. 2014 ఆగస్టులో అలా తీస్తుండగా మెషిన్ తాలూకు కన్సోల్ జారి మళ్ళీ పూల్‌లో పడింది. అసలు మెషిన్ బయటికొచ్చేసరికి 2015 ఆగస్టు. దాని స్థానంలో తెచ్చిన కొత్తది 2018లో పరీక్షల్లోనే మొరాయించింది. కేబుల్ కనెక్టర్లలోకి వాననీళ్ళు చేరి తుప్పు పట్టిందట.

రోజూ కోడ్ రాసేవాణ్ణి కాబట్టి ఇక్కడ కాసేపు ఆగిపోయాను. మా పనిలో తప్పు దొర్లితే రాత్రికి రాత్రి పాత వెర్షన్‌కి వెనక్కెళ్తాం. అక్కడ వెనక్కెళ్ళడానికి పాత వెర్షన్ లేదు. ఒక్కో కనెక్టర్నీ విప్పి చూసుకోవాల్సిందే.

2019 ఏప్రిల్ 15న మొదటి కట్ట లేచింది. ఆపరేటర్లు వేరే భవనంలో కూర్చుని, కెమెరా తెరలు చూస్తూ నడిపారు. శిథిలాలు పడి కొన్ని కట్టల పిడులు వంగిపోయాయి. వాటిని పట్టుకునే తీరు వేరేగా ఆలోచించాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరి 28న చివరి కట్ట బయటికొచ్చింది.

మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని పని ఇది. పక్కన మనిషి ఉంటాడనుకుని చేసిన మెషిన్ పనిని, దూరం నుంచి పూర్తిచేయడానికి పదేళ్ళు పట్టింది. అప్పటికింకా ఒకటో యూనిట్ పూల్‌లో 392, రెండో దాంట్లో 615 కట్టలు ఎదురుచూస్తూనే ఉన్నాయి.