సాదిన చెయ్యి, సాకు చెప్పే నోరు

యాదగిరిగుట్టలో పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చిన ఒక కుటుంబం పక్కన మొన్న కాసేపు కూర్చున్నాను. కొత్త గుండు మీద గంధం రాసుకున్న పసిదాన్ని ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మను "మనుమరాలా అవ్వా?" అని అడిగాను. "నా చెల్లె మనుమరాలు బిడ్డా. తల్లి లేదు. నేనే సాదుకుంటున్న" అన్నది.

పుస్తకాల తెలుగులో ఇది 'సాకు'. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో 'సాదు' అన్న రూపం ఎక్కువగా వినిపిస్తుంది. మేకలను సాదుతారు, కోళ్లను సాదుతారు, తల్లి లేని బిడ్డను సాదుకుంటారు. 'పెంచు' ఉండగా ఈ మాట ఎందుకు? 'పెంచు'కు మూలం 'పెరుగు'. పెరిగేలా చేయడమే పెంచడం. పొలానికి ఎరువు వేసి పంటను పెంచవచ్చు, ధరలనూ పెంచవచ్చు. ధరలను సాకడం మాత్రం ఎవరి వల్లా కాదు. తన కాళ్ల మీద తాను నిలబడలేని ప్రాణం ఎదుట ఉంటేనే 'సాకు' నోటికి వస్తుంది. దయ ఈ క్రియలోనే ఉంది.

కృష్ణానది దాటి రాయచూరు వైపు వెళితే ఇదే మాట ఇదే అర్థంతో ఎదురవుతుంది. కన్నడంలో 'సాకుమగ' అంటే పెంపుడు కొడుకు, 'సాకుతాయి' అంటే పెంచిన తల్లి.

అయితే తెలుగు నిఘంటువు తెరిస్తే ఈ క్రియ పక్కనే ఒక నామవాచకం కనిపిస్తుంది. సాకు అంటే నెపం, మిష. తమిళంలో అది 'సాక్కు'. తెలంగాణ నోట 'బహానా' అనే పారసీ మాటగా కూడా పలుకుతుంది. ఈ రెండు సాకులకూ రక్తసంబంధం ఉందని నేను అనను. వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే అరుగు మీద కూర్చున్న బాటసారులవి. భాషలో ఇలాంటి కలయికలు యాదృచ్ఛికాలే. కానీ పిల్లల చరిత్రను తిరగేస్తే ఆ రెండు మాటలూ చెయ్యీ చెయ్యీ పట్టుకునే నడిచాయి.

ఈ ఊరి సంగతే చెబుతాను. 2018 జూలై చివర రాచకొండ పోలీసులు యాదగిరిగుట్టలోని వ్యభిచార గృహాల నుంచి 11 మంది ఆడపిల్లలను విడిపించారు. వాళ్లలో బడి ఈడు కూడా రాని పసివాళ్లున్నారు. వయసు రాకముందే ఒళ్లు ఎదగాలని మందులు ఎక్కించిన సంగతి బయటపడి రాష్ట్రమంతా నివ్వెరపోయింది. వీధిలో వెళ్లేవారి కంటికి వాళ్లు ఏదో ఒక ఇంట్లో పెరుగుతున్న పిల్లలే. సాకడమే అక్కడ సాకు అయింది.

సాకడం పేరుతో సాగిన చాకిరీ ఇంకోటి ఉంది. అందుకు 'జీతం' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మన నిఘంటువులు దీన్ని 'జీవితం'కు తద్భవంగా చెబుతాయి. బతకడానికి ఇచ్చేది కాబట్టి జీతం. ఈ జిల్లాల్లో 'జీతం ఉండుడు' అంటే వేరే అర్థం: అప్పు కింద దొర ఇంట్లోనో పటేలు ఇంట్లోనో ఏడాది పొడుగునా చాకిరీకి కుదరడం. తండ్రి అప్పుకు పిల్లగాడు పసుల కాడికి పోయేవాడు. "కడుపుకింత కూడు పెడితే చాలు" అని తండ్రి అనేవాడు. "నీ కొడుకును మేమే సాదుతున్నం" అని అటువైపు జవాబు. జీవితంలోంచి 'వి' ఒక్కటే జారిపోయిందని వ్యాకరణం చెబుతుంది. ఆ పిల్లగాడికి జారిపోయింది బాల్యం.

ఆ జారిన అక్షరాన్ని న్యాయస్థానం తిరిగి అతికించింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులోనే పద్నాలుగేళ్ల దాకా చదువుకునే హక్కు ఇమిడి ఉందని తీర్పు చెప్పింది. 2002 సవరణతో అది 21-ఎ అయింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. బడి జీవితంలో భాగమన్న ఆ మాటకు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం కేసే వేదిక కావడం గుర్తుంచుకోవలసిన సంగతి.

చట్టం వచ్చినా సాకు ఆగలేదు. హైదరాబాద్ పాతబస్తీకి వెళదాం. చార్మినార్ పక్కన లాడ్ బజార్ ఉంది. ఉర్దూలో 'లాడ్' అంటే గారాబం, అంగడికి ఆ పేరు అందువల్లే వచ్చిందని ఒక వాదన. అక్కడ మెరిసే లక్క గాజులకు రాళ్లు అతికే చేతులు ఎవరివి? 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లలను విడిపించారు. ఎక్కువ మంది బిహార్ పేద ఇళ్ల నుంచి తెచ్చిన మగపిల్లలు. గాలి ఆడని గదుల్లో రోజంతా కూర్చుని పనిచేసినవాళ్లు. పని నేర్పిస్తాం, తిండి పెడతాం, ఇంటికి డబ్బు పంపుతాం అన్నది ఇలాంటి చోట్ల ఎప్పుడూ వినిపించే బహానా.

పాతబస్తీ దక్షిణపు అంచున బార్కస్ ఉంది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల 'బ్యారక్స్' జనం నోట నలిగి బార్కస్ అయింది. అక్కడి కుటుంబాల మూలాలు యెమెన్‌లోని హద్రమౌత్‌లో ఉన్నాయి. ఆ యెమెన్ పదేళ్లకు పైగా యుద్ధంలో చితికి, బిడ్డల ఆకలి అనగానే ప్రపంచానికి గుర్తు వచ్చే పేరయింది. తండ్రిని కోల్పోయిన బిడ్డను అరబ్బీలో 'యతీం' అంటారు. ఆ బిడ్డను తన పూచీ మీద సాకడం 'కఫాలా'. ఖురాన్‌లో బాల మరియమ్‌ను జకరియా సంరక్షణలోకి తీసుకున్న ఘట్టంలో ఉన్నది ఈ ధాతువే. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణంలో దత్తతతో పాటు కఫాలాకూ చోటిచ్చింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికను అంగీకరించింది.

ఇదే ధాతువు నుంచి పుట్టిన ఇంకో మాట తెలంగాణ పల్లెలకు బాగా తెలుసు: 'కఫీల్'. గల్ఫ్‌కు పోయినవాడికి పూచీ పడే యజమాని. ఎంతోమంది పాస్‌పోర్టులు అతని బీరువాలోనే ఉండిపోయాయి. అనాథకు నీడనిచ్చే మాట పుట్టిన చోటే కూలీని కట్టివేసే మాట కూడా పుట్టింది. పూచీ పడ్డవాడు పట్టు బిగిస్తే ఏ భాషలోనైనా ఇంతే. తెలుగు 'సాకు'కు ఎదురైన గతి అరబ్బీకీ తప్పలేదు.

తిరిగి కృష్ణ ఒడ్డుకు వద్దాం. గద్వాల పత్తి విత్తనపు చేలలో సాయంత్రం ఒక పువ్వు కేసరాలు తుంచి, మర్నాడు పొద్దున ఇంకో పువ్వు పుప్పొడి అద్దుతారు. 'క్రాసింగ్' అంటారు. ఏళ్ల తరబడి ఆ పనిని ఆడపిల్లల చేత చేయించారు. చిన్న వేళ్లయితే పువ్వు నలగదట! ఆ చేలలో ఇంకో మాట ఉంది, 'చాలు'. అంటే నాగలి గీసిన గీత, 'సరిపోయింది' అని కూడా అర్థం. బడిలో అక్షరాల వరుసలు చదవాల్సిన పిల్లలు పత్తి చాళ్లలో నడిచారు.

ఆ 'చాలు'కు కన్నడ చుట్టం 'సాలు'. 'సాలదు' అంటే చాలదు. 'సాలు'లోంచి వచ్చిన కన్నడ మాటే ఇంకో 'సాకు'. అంటే 'ఇక చాలు'. సాకడం, నెపం, చాలు: మూడూ ఒకే పలుకులో ఉన్నాయి. మొదటిదాని పేరుతో రెండోది సాగినప్పుడు మూడోది అనవలసినవాళ్లం మనమే.

అలా అన్నవాళ్లున్నారు. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరుతో 1981లో ఏర్పడిన ఫౌండేషన్, ఆయన మనుమరాలు శాంతా సిన్హా నాయకత్వంలో, ఒకే సూత్రం పట్టుకుంది: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. పేదరికం, ఆచారం, చేతిపని అన్న సాకులన్నీ ఆ వాక్యం ముందు వీగిపోయాయి. జీతం మాన్పించిన పిల్లలను శిబిరాల్లో చదివించి, ఈడుకు తగిన తరగతిలో కూర్చోబెట్టారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది.

గుట్ట మీది అవ్వను వెళ్లేముందు ఇంకో ప్రశ్న అడిగాను. "బడిలేస్తవా అవ్వా?" "ఎయ్యకుంటె ఎట్ల బిడ్డా, వచ్చే ఏడు అంగన్‌వాడీకి తోలుత" అన్నది. సాదడానికి నిజమైన అర్థం ఆమెకు తెలుసు.

మీ వీధిలో, మీరు టీ తాగే చోట, మీ చుట్టాల ఇంట్లో చదువుకునే ఈడు బిడ్డ పనిలో కనిపిస్తే, "మేమే సాకుతున్నాం" అని ఎవరైనా అంటే, ఈ ఒక్క ప్రశ్న అడగండి: బడికి పోతున్నదా? జవాబు తడబడితే 1098కి ఫోన్ చేయండి.