అండమాన్ జట్టుకు హద్దు సంతోష్ ట్రోఫీ

2021 డిసెంబరులో కొచ్చిలో జరిగిన సంతోష్ ట్రోఫీ అర్హత పోటీలో కేరళ ఫుట్‌బాల్ జట్టు అండమాన్ నికోబార్ జట్టును 9-0తో ఓడించింది. ఆ బృందంలోని తక్కిన రెండు జట్లు పుదుచ్చేరి, లక్షద్వీప్. మరుసటి ఏడాది మే నెలలో కేరళ బెంగాల్‌పై నెగ్గి ట్రోఫీని కైవసం చేసుకుంది. అండమాన్ పేరు ధరించిన జట్టుకు మాత్రం ఈ జాతీయ పోటీయే ఆఖరి మెట్టు.

2025 నవంబరులో కింగ్‌స్టన్‌లో జమైకాతో 0-0గా ఆడి కురసావ్ ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. ఆ దీవి జనాభా సుమారు లక్షా యాభై వేలు. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారే పదమూడు శాతం. కురసావ్ ఆటగాళ్లలో అత్యధికులు నెదర్లాండ్స్‌లో పుట్టినవారన్నది నిజమే. అయినా వారు తొడిగింది ఆ దీవి చొక్కానే.

కరీబియన్ తొలి అంచె పోటీలు ఇంకా చిన్నవి. 2024 మార్చిలో అంగ్విల్లా టర్క్స్ అండ్ కైకోస్ దీవులతోను, బ్రిటిష్ వర్జిన్ దీవులు అమెరికా వర్జిన్ దీవులతోను తలపడ్డాయి. రెండు జోడీలూ పెనాల్టీలతోనే తేలాయి. గమనించవలసిందేమిటంటే, ఈ నాలుగింటిలో ఒక్కటీ స్వతంత్ర దేశం కాదు. 2002 జూన్ 30న, యోకోహామాలో బ్రెజిల్, జర్మనీ ఫైనల్ ఆడిన రోజునే, థింపూలో భూటాన్ చేతిలో 4-0తో ఓడిన మాంట్‌సెరాట్ కూడా కాదు. అగ్నిపర్వతం రాజధానినే మింగిన ఆ దీవిలో అయిదు వేల జనాభా కూడా లేదు.

ఈ వింతకు మూలం ఫిఫా నియమావళిలో ఉంది. ఇంకా స్వాతంత్ర్యం పొందని ప్రాంతపు సంఘం, తాను ఆధారపడిన దేశపు సంఘం అనుమతితో సభ్యత్వం కోరవచ్చు. ‘ఇంకా’ అన్న చిన్న మాటే ఇక్కడ అసలు రాజకీయం. ఏ భారత ప్రభుత్వమూ అండమాన్‌ను ఆ వాక్యంలో ఇరికించడానికి ఒప్పుకోదు, ఒప్పుకోనక్కరలేదు కూడా. రాజ్యాంగం ప్రకారం అది భారత భూభాగం, వలస కాదు.

అయితే వలస కాని ఆ ప్రాంతానికి దక్కిందేమిటి? 1956లో కేంద్రపాలిత ప్రాంతమైన అండమాన్‌కు నేటికీ శాసనసభ లేదు, రాజ్యసభలో స్థానం లేదు. లోక్‌సభలో ఉన్న ఒక్క స్థానంలోనూ 1952లో కూర్చున్నది నామినేట్ అయిన నికోబారీ బిషప్ జాన్ రిచర్డ్‌సన్. దీవుల ప్రజలు స్వయంగా ఎంపీని ఎన్నుకున్నది 1967లో, గెలిచినవారు కె.ఆర్. గణేశ్.

అదే 1967 మే నెలలో అంగ్విల్లా ప్రజలు సెయింట్ కిట్స్ పోలీసులను తమ దీవి నుంచి వెళ్లగొట్టారు. వారి కోరిక స్వాతంత్ర్యం కన్నా ముందు సెయింట్ కిట్స్ పెత్తనం నుంచి విముక్తి. 1969లో బ్రిటిష్ సేనలు దిగాయి. 1980లో అంగ్విల్లా విడిగా బ్రిటన్ అధీన ప్రాంతమైంది. దానికి వెస్ట్‌మినిస్టర్‌లో ఒక్క ఎంపీ లేడు. కానీ సొంత శాసనసభ, ప్రీమియర్ ఉన్నారు. 1996 నుంచి ఫిఫా సభ్యత్వమూ ఉంది. అండమాన్‌కు పార్లమెంటు దక్కి సభ దక్కలేదు, అంగ్విల్లాకు సభ దక్కి పార్లమెంటు దక్కలేదు. ఏది మేలన్న ప్రశ్నకు ఢిల్లీలో ఎవరూ తొందరపడి జవాబు చెప్పరు.

ఫిఫాలో అంగ్విల్లాకు ఒక ఓటు, భారత్‌కూ ఒక ఓటే. కరీబియన్ ఓట్ల గుత్త బలంతోనే ట్రినిడాడ్‌కు చెందిన జాక్ వార్నర్ రెండు దశాబ్దాలు ఆ ప్రాంత ఫుట్‌బాల్‌ను ఏలి, లంచాల ఆరోపణల నడుమ 2011లో తప్పుకున్నారు. చిన్న దీవులకు దక్కిన సమానత్వం వాటి ఆటగాళ్లకన్నా వాటి అధికారులకే ఎక్కువ అక్కరకొచ్చిందని అనుకోవడానికి ఆ చరిత్ర ఆస్కారమిస్తుంది.

1943 డిసెంబరు 30న సుభాష్ చంద్రబోస్ జెండా ఎగరేసిన పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానమే నేటి నేతాజీ స్టేడియం. 2024లో ఆ ఊరి పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్టు కేంద్ర హోం శాఖ ప్రకటించింది. ఆ మాటను ముందుగా చర్చించడానికి దీవుల్లో సభ లేదు. ఆ మైదానంలో ఎదిగే కుర్రవాడు ప్రతిభ ఉంటే భారత జట్టుకు ఆడవచ్చు. తన దీవుల పేరు చొక్కాపై వేసుకోవాలంటే మాత్రం సంతోష్ ట్రోఫీ ఎక్కడ జరిగితే అక్కడికే వెళ్లాలి.