శ్రీశైలపు కాలిత్రోవ



అడవిని చూచుటకై అడవికిఁ బోవుట యనునది నా చిన్నతనమున మా యూరివారెఱుఁగని మాట. వంటచెఱకునకుఁ బోవువారు కలరు. తప్పిపోయిన పశువును వెదకఁబోవువారు కలరు. వీరు గాక, మల్లికార్జునస్వామి దర్శనమునకై అడవి నడుమనుండి నడచిపోవువారు కలరు. ఈ కడపటివారి త్రోవను గూర్చియు, ఆ త్రోవ చూపినవారిని గూర్చియు నాలుగు మాటలు చెప్పఁదలఁచితిని.

నల్లమల యనఁగా నల్లని కొండ యని మనము చెప్పుకొందుము. అరవమున నల్ల యనఁగా మంచి యని యర్థము గనుక ఇది మంచికొండ యని మా గురువుగారు వాదించెడివారు. శివరాత్రి యెండలో దానిని దాఁటినవాఁ డెవ్వఁడును ఈ రెండవ యర్థము నొప్పుకొనఁడని మా తాతగారి సమాధానము.

తాతగారు మూఁడు పర్యాయములు కాలినడకను పోయిరి. ఆత్మకూరు విడిచి, నాగలూటి వీరభద్రాలయము దాఁటి మెట్లెక్కి, పెద్దచెఱువు గట్టున రాత్రి నిలిచి, భీముని కొలను లోయలోనికి దిగి, మరల నెక్కి కైలాసద్వారము చేరవలెను. 14వ శతాబ్దమున అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు గట్టించెను. 1677లో శివాజీ మహారాజు ఈ క్షేత్రమును సేవించెను. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ముందుగా శ్రీశైలమును దర్శించి, త్రోవలోని మజిలీలను తన దినచర్యలో వ్రాసికొనెను.

రాజులు కట్టినవి మెట్లు మాత్రమే. నీరెక్కడ నున్నదో, ఏ వాగు ఏ మాసమున నెండునో, ఎలుఁగుబంటి యే బండచాటునఁ బండుకొనునో యెఱిఁగినవాఁడు చెంచు. వాఁడు ముందు నడువనిదే యాత్రికుల గుంపు కదలెడిది కాదు. దారి కావలికై వానికిఁ గొంత రుసుము ముట్టఁజెప్పుట పూర్వాచారము. దొరతనమువారు సైతము ఆ కనుమల కావలికిఁ జెంచులనే పెట్టుకొనిరి. వారికి శ్రీశైలస్వామి చెంచుమల్లయ్య. అహోబల నరసింహుఁడు చెంచులక్ష్మిని బెండ్లాడినవాఁడు గనుక వారి యల్లుఁడు. కావున దేవుని యింటికి దేవుని చుట్టముల వెంటఁ బోవుచున్నట్లే యాత్రికుఁడు తలఁచెడివాఁడు. తాతగారు తిరిగివచ్చి నాగలూటి చేరఁగానే త్రోవచూపిన చెంచువానికి ఒక క్రొత్తపంచెయు టెంకాయయు నిచ్చి, చేతులు జోడించి, సెలవు పుచ్చుకొనెడివారఁట.

1882లో చెన్నపురి రాజధానికి అడవుల చట్టము వచ్చెను. ఎవ్వరిదని యెవ్వరు నడుగని యడవి సర్కారుది యయ్యెను. కృష్ణ కావలి గట్టున నిజాము రాజ్యములోని చెంచుల నడుమ హైమెండార్ఫు అను పండితుఁడు నివసించి, వారినిగూర్చి 1943లో గ్రంథము ప్రకటించెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లోను, పులుల రక్షణ పథకము 1973లోను బుట్టినవి. నల్లమల 1978లో అభయారణ్యమై, 1983లో ఆ పథకములోఁ జేరెను. దాని వైశాల్యము 3,568 చదరపు కిలోమీటర్లు. దేశమున పులులకై కేటాయించిన వనములలో నంత పెద్దది నాఁడు వేఱొకటి లేదు. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు వనమును రెండయ్యెను.

ఈ చట్టములను నేను నిందింపను. అవియే లేకున్న నల్లమల వెదురంతయు ఎన్నఁడో కాగితపు మిల్లుల పాలయ్యెడిది. అయితే పులికి హద్దులు గీచిన చేతులు, ఆ హద్దులలో ముందే యున్న మనుష్యుని గూర్చి చాలకాలము యోచింపలేదు. తరతరములుగా అడవిలో నున్నవారికి హక్కులు కలవని పార్లమెంటు చట్టము చేయుట 2006లో మాత్రమే. అది కాగితమునుండి గూడెమునకు దిగివచ్చుట యింకను ముగియలేదు.

నిరుడు నా మనుమఁడు పులిని చూడవలెనని పట్టుపట్టఁగా బైర్లూటికిఁ బోయితిని. తాతగారి త్రోవ మొదటనే అటవీశాఖవారి విడిదియిండ్లు వెలసినవి. పెద్దచెఱువు కడను గలవు. టిక్కెట్టు కొని జీపెక్కితిమి. త్రోవచూపుటకు వచ్చినవాఁడు ఇరువదియేండ్ల చెంచు యువకుఁడు. పులి కనఁబడలేదు, కణుజులు కనఁబడినవి, నెమళ్లు లెక్కలేనన్ని. మనుమఁడు చిన్నఁబుచ్చుకొనఁగా ఆ యువకుఁడు జీపు ఆపించి, ఇసుకలో పెద్దపులి యడుగు చూపి, అది తెల్లవాఱుజామున నీటికిఁ బోయినదని చెప్పెను. నాకుఁ గనఁబడినది ఇసుక మాత్రమే.

అంతట నొక కొండచఱియను జూపి, "మా తాత తేనె తీసిన కొండ సామీ అది. తాడు కట్టుకొని దిగుతా ఉంటే పైన బామ్మర్ది పట్టుకునేవాడు. ఇప్పుడు ఆడికి పోవాలంటే నాకు చీటీ కావాల" అనెను. కోపమున ననలేదు. మనుమఁడు "మాకు టిక్కెట్టు, నీకు చీటీయా?" యని యడిగెను. ఆ యువకుఁడు నవ్వెను. నాకు నవ్వు రాలేదు.

ఉగాదికి ముందు కన్నడ దేశపు భక్తులు నేఁటికిని వేలకొలఁది ఈ త్రోవనే కాలినడకఁ బోవుదురు. తక్కినవారికి దోర్నాల మీఁదుగా బస్సులు కలవు. రాత్రి మృగములు నిర్భయముగాఁ దిరుగుటకై ఆ బాటకు గేటు వేయుదురు. అది మంచి యేర్పాటు.

తిరుగుప్రయాణమున సంచిలోనుండి పంచెయు టెంకాయయుఁ దీసి ఆ యువకుని కిచ్చితిని. ఇట్టివి పుచ్చుకొనుటకు వీలు కలదో లేదో యని వాఁడు గేటువైపు చూచెను. ఇది నా కానుక కాదు, మా తాతగారి బాకీ యని చెప్పితిని. పంచె అవ్వకిస్తానని చంకఁ బెట్టుకొని, టెంకాయను అక్కడనే రాతిమీఁదఁ గొట్టి, మొదటి చిప్ప మా మనుమని చేతిలోఁ బెట్టెను.