తన తప్పులు తానే చెప్పుకునే గ్రంథం

ఏ మతగ్రంథం చివరనైనా "ఇందులో మాకు తెలిసిన తప్పులు ఇవీ" అనే అధ్యాయం ఉందా? నేను చదివినవాటిలో లేదు. తప్పు ఎత్తిచూపితే భాష్యం చెబుతారు, అంతరార్థం ఉందంటారు, అడిగినవాడికి అర్హత లేదంటారు. మూలాన్ని మాత్రం దిద్దరు. అలాంటి అధ్యాయం ఉన్న గ్రంథం ఒకటుంది. అది కంప్యూటర్లకు సంబంధించినది.

1971 నవంబరు 3 తేదీతో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మొదటి మాన్యువల్ వెలువడింది. రాసినవారు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ. యూనిక్స్‌ను తయారుచేసినవాళ్లూ వాళ్లే. ఒక్కో ఆదేశం కింద పేరు, వాడే పద్ధతి, వివరణ వంటి శీర్షికలుంటాయి. వాటిలో 'బగ్స్' కూడా ఒకటి. తమ ప్రోగ్రాం ఎక్కడ దెబ్బతింటుందో తయారుచేసినవాళ్లే అక్కడ రాసిపెట్టారు.

ఇదేదో వినయప్రదర్శన అనుకోకండి. సీ భాషలో 'గెట్స్' అనే ఫంక్షన్ ఉండేది. టైపు చేసిన వాక్యాన్ని మెమరీలోకి తీసుకోవడం దాని పని. కేటాయించిన చోటు సరిపోతుందా లేదా అని చూసుకునేది కాదు. 1988లో ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన మోరిస్ వార్మ్ లోపలికి చొరబడిన దారుల్లో ఇదొకటి. లినక్స్ మాన్యువల్లో ఈ ఫంక్షన్ పేజీ, దీన్ని ఎప్పుడూ వాడొద్దని 'బగ్స్' కిందే కరాఖండిగా చెబుతుంది. చివరికి 2011 నాటి సీ ప్రమాణం దాన్ని తొలగించింది.

1993 నుంచి నడుస్తున్న ఈ లినక్స్ మాన్యువల్‌కు ఎవరైనా సవరణ పంపవచ్చు. తీసేసే వరుస ముందు మైనస్, చేర్చే వరుస ముందు ప్లస్ గుర్తు ఉంటాయి. ఎందుకు మార్చాలో కారణం రాయాలి. వీలైతే ఆ మాట నిజమని చూపే చిన్న ప్రోగ్రాం జతచేయాలి. అప్పుడు పెద్దవాళ్ల మాటకీ మన మాటకీ తీర్పు ఆ ప్రోగ్రాం నడిపితే తేలిపోతుంది. పాత వాక్యమూ, దాన్ని ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారన్నదీ చరిత్రలో మిగిలే ఉంటాయి. సవరణలు పంపే పనిలో నాకు బాగా నచ్చింది ఇదే.

అయితే ఈ లోకంలోనూ దిద్దరాని వాక్యాలు పుట్టుకొచ్చాయి. రిచర్డ్ స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, 2000లో మాన్యువళ్ల కోసం ఒక ప్రత్యేక లైసెన్సు తెచ్చింది. సాంకేతిక విషయాన్ని ఎవరైనా మార్చుకోవచ్చు. కానీ రచయిత కొన్ని భాగాలను మార్పుకు వీల్లేనివిగా ప్రకటించవచ్చు. వాటిని దిద్దకూడదు, తీసేయనూ కూడదు. ఈమాక్స్ మాన్యువల్లో గ్నూ మ్యానిఫెస్టో అలాంటి భాగమే.

స్టాల్‌మన్ వాదనలో పస లేకపోలేదు. ఒకరి అభిప్రాయాన్ని మరొకరు మార్చి రాస్తే, అనని మాట అన్నట్టవుతుంది. నిజమే. కానీ దాన్ని వదిలేసే స్వేచ్ఛ కూడా ఎందుకుండకూడదు? డెబియన్ సంస్థ సభ్యులు 2006లో దీనిపై ఓటు వేశారు. మార్చరాని భాగాలున్న మాన్యువళ్లు స్వేచ్ఛాయుతం కావని, అవి లేకపోతే అదే లైసెన్సు తమకు సమ్మతమేనని తేల్చారు. ఈమాక్స్ మాన్యువల్ వారి ప్రధాన విభాగంలో చోటు కోల్పోయింది. తమ ఉద్యమానికి దారిచూపిన మనిషి రాసిన పత్రమని మినహాయింపు ఇవ్వలేదు. వారి నిర్ణయమే సరైనదని నా అభిప్రాయం.

ఇక మన సంగతి. హేతువాద సంఘాలు ఎన్నో పుస్తకాలు, కరపత్రాలు వేశాయి. వాటిలో తేదీలు తప్పుండవచ్చు, ఎవరో అనని మాట వారికి అంటగట్టి ఉండవచ్చు, సైన్సు ఆ తర్వాత మార్చుకున్న విషయాలూ ఉండవచ్చు. మలిముద్రణలో "మాకు తెలిసిన తప్పులు" అని ఒక పేజీ వేస్తే పోయేదేముంది? పక్కవాడి గ్రంథాన్ని ప్రశ్నించే హక్కు మనకెంత ఉందో, మన పుస్తకాన్ని దిద్దే హక్కు పాఠకుడికీ అంతే ఉంది.